గదిలో నెగురు విమానమును, నిబంధనల యర్థమును

ఆట యనగా పిల్లలకు సంతోషము. నిబంధన యనగా వారికి విసుగు. కాని నిబంధన లేని యాట గట్టు లేని చెఱువువంటిది. అందు నీరు నిలువదు. మన యిండ్లలో గవ్వలాటకును, పులిజూదమునకును, చదరంగమునకును గల నిబంధనలను పిల్లలు పెద్దల నోటినుండియే నేర్చుకొనుచు వచ్చిరి. నేటి పోటీల నిబంధన లచ్చుకాగితములపై వచ్చుచున్నవి. వానిని కంట జదివి, బుద్ధితో నర్థము చేసికొనవలెను. గదిలో నెగురవేయు చిన్ని విమానముల పోటీలను గూర్చియు, అట్టి విమానమును నిర్మించుటకై విధింపబడిన నిబంధనలను జదువవలసిన తీరును గూర్చియు నీ వ్యాసమున గొంత చెప్పదలచితిని.

యంత్రశాస్త్ర మెఱుగని గృహిణులకు దీనితో నేమి పని యని సోదరీమణులు శంకింపవలదు. విమానమును జేయుట చేతిపని. నిబంధనను జదువుట మాటపని. మాటకు సరియైన యర్థమును దేల్చుటకు మన పూర్వులు మీమాంస యను నొక శాస్త్రమునే నిర్మించిరి. అది యజ్ఞవిధుల కొఱకు బుట్టినను, విధివాక్య మున్న ప్రతిచోటను పనికివచ్చును. ధర్మశాస్త్రకర్తలు దాయభాగముల తగవులు దీర్చుటకు దాని నుపయోగించిరి. పిల్లల విమానమునకు మాత్ర మేల పనికిరాదు?

మొదట నా విమాన మెట్టిదో చెప్పెదను. అది కాగితము మడిచి విసరు విమానము గాదు. బ్యాటరీతో మ్రోగుచు దిరుగు బొమ్మయు గాదు. మిక్కిలి తేలికయైన కఱ్ఱపుల్లలతో జట్రమును గట్టి, దానిపై ఉల్లిపొరవంటి పలుచని కప్పును బఱచి, నడిమికఱ్ఱ క్రింద నొక రబ్బరుపోగును దగిలింతురు. ఆ పోగును మెలిద్రిప్పి విడిచినచో నది విడివడుచు ముందున్న పంకాను ద్రిప్పును. పంకా విమానమును ముందునకు లాగును. చేయి విడిచిన పిమ్మట దానికి వేఱు శక్తి లేదు. ఎవరి విమానము గాలిలో నెక్కువసేపు నిలుచునో వారిదే గెలుపు.

అంతర్జాతీయ వైమానిక సమాఖ్య 1905లో స్థాపింపబడినది. స్విట్జర్లాండులోని లోసాన్ నగరము దానికి కేంద్రము. ఆ సమాఖ్యవారి గృహాంతర విమానములలో ముఖ్యమైన తరగతికి ఎఫ్ వన్ డీ యని పేరు. ఆ తరగతిలో రెక్క ఈ కొనకు నా కొనకు 550 మిల్లీమీటర్లను మించరాదు. రెక్క వెడల్పు 200 మిల్లీమీటర్లను, తోకరెక్క పొడవు 450 మిల్లీమీటర్లను మించరాదు. రబ్బరును విడిచి విమానము మాత్రము 1.4 గ్రాములకు దగ్గరాదు. నూనెతో దడిపిన రబ్బరు 0.4 గ్రామును మించరాదు. మూరెడుకు మించిన రెక్క గల వస్తువు మన రూపాయి నాణెములో సగమైనను దూగదన్నమాట! దానిని సూక్ష్మముగ దీర్చిదిద్దినచో మనిషి నడకకన్న మెల్లగ వలయములు చుట్టుచు నిరువది నిమిషములకు పైగా గాలిలో దేలుచుండును. పూర్వ మీ విమానమునకు గప్పు వేయుటకు ఒక జాతి లక్క ద్రవమును నీటిపై బోసి, అది పొరగట్టగానే చట్రముతో మెల్లగ నెత్తెడివారు. ఇపుడు మిక్కిలి సన్నని ప్లాస్టిక్ పొర దొరకుచున్నది.

ఈ విద్యకు మూలము పిల్లల బొమ్మయే. 1871లో ఫ్రాన్సు దేశీయుడగు ఆల్ఫాన్స్ పెనో పారిస్ నగరపు టుయిలరీ తోటలో రబ్బరుతో నడచు చిన్నవిమానమును జనుల యెదుట 11 సెకండ్లు ఎగురవేసెను. 1878లో అమెరికాయందు రైటు సోదరుల తండ్రి యూరినుండి వచ్చుచు బెండు, వెదురు, కాగితములతో జేసి రబ్బరుచే ద్రిప్పబడు నొక యెగురు బొమ్మను గుమారులకు దెచ్చి యిచ్చెను. అది పెనో కల్పించిన తీరుదే. ఆ పిల్లలే 1903లో మనుష్యుని మోసికొనిపోవు విమానము నెగురవేసిరి. గాలి కదలికచే జెదరకుండ గాలమును గొలుచుటకు ఈ చిన్నవిమానములను మూసిన చావడులలో నెగురవేయ నారంభించిరి. ఇంగ్లండులోని కార్డింగ్టన్ వద్ద ఆకాశనౌకలను నిలుపుటకై కట్టిన గొప్ప కొట్టములును, రుమేనియాలోని స్లానిక్ ఉప్పుగనియు నిట్టి పోటీలకు బేరువడసినవి. ఉప్పు త్రవ్వగా నేర్పడిన ఆ భూగర్భశాల కప్పు 50 మీటర్ల కెత్తైనది. అందు గాలి కదలదు.

అమెరికాయందు 1984లో నేర్పడిన సైన్స్ ఒలింపియాడ్ అను విద్యార్థుల పోటీలలో కొన్ని యేండ్లు రబ్బరు విమానము నొక యంశముగ నుంచుచున్నారు. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకును ఈ పోటీలు దెలియనివి గావు. మా విశాఖపట్టణమున మనుమలు సముద్రముల కావల నున్న యవ్వలు పెక్కురు గలరు. మనుమడు ఫోనులో "అవ్వా! నా విమానము బరువు చాలలేద"నిన నేమో యని విస్తుపోవుచుందురు, బరువు చాలకపోవుట దోషమగు విమానము గలదని వారికెట్లు తెలియును?

ఇక మా పూర్ణా మార్కెట్టున కొకసారి రండు. ఈ పోటీకి వలయు బాల్సా కఱ్ఱ యచట నుండదు. దానిని వేఱుచోటులనుండి దెప్పించుకొనవలసినదే. కాని నిబంధన నర్థము చేసికొనుటకు వలయు దృష్టాంతము లన్నియు నచటనే గలవు. కూరలమ్మి తట్టతో వంకాయలు తూచబోయినచో మనము వెంటనే "తట్ట బరువు తీసివేయుమ"ని యందుము. నిబంధనలో "రబ్బరును విడిచి" అను మాటకు నదే యర్థము: ఇచట రబ్బరు తట్ట, విమానము వంకాయ. మఱి విమానము తేలికైనదని దానికి అంటించిన బంకమట్టిముద్ద తట్టలోనిదా, వంకాయలోనిదా? అది విమానమునకే యంటియుండి, దానితోనే యెగురును గావున విమానములోనిదే. కావుననే బరువు చాలని విమానమునకు మట్టి యంటించి పూరించుట న్యాయము. రబ్బరునకు రాచిన నూనెయో? ఎఫ్ వన్ డీ తరగతిలో నూనెతో గూడిన రబ్బరునే తూచవలెనని నిబంధనయే చెప్పుచున్నది. వేఱు పోటీలో నట్లు చెప్పకున్నచో ముందుగ నడిగి తెలిసికొనవలెను. 0.4 గ్రాములో నూనెబొట్టు గూడ లెక్కకు వచ్చును. ఇట్టి తూనికకు గూరగాయల త్రాసు పనికిరాదు. కంసాలి త్రాసువంటిది కావలెను. మా కురుపాం మార్కెట్టులో బంగారపు టంగడివారు త్రాసుపైకి గాలి తగులకుండ నద్దపుపెట్టె మూయుదురు. ఈ విమానమును దూచుటకును అంతటి జాగ్రత్త యవసరము.

తూనిక తరువాత గొలత. రెక్క పొడవు నెట్లు కొలువవలెను? సైన్స్ ఒలింపియాడ్ నిబంధనలలో రెక్కపొడవును సమతలముపై బడు కొలతగ జెప్పుట వాడుక. ఈ మాట పిల్లలకు గొఱుకుడుపడదు. పూర్ణా మార్కెట్టులో మిట్టమధ్యాహ్నము కూరలవారు వేసికొను గొడుగును జూపినచో నిట్టే తెలియును. గొడుగు పైభాగము గుండ్రముగ వంగియుండును. గుడ్డవెంట ఈ యంచునుండి యా యంచునకు గొలిచినచో నొక కొలత; నడినెత్తిపై సూర్యుడుండగా నేలపై బడిన నీడను గొలిచినచో నంతకన్న జిన్న కొలత. సమతలపు గొలత యనగా నీడ కొలత. విమానపు రెక్కకొనలను నిలుకడకై పైకి వంచుట కలదు. అట్లు వంచిన రెక్క కఱ్ఱవెంట గొలిచిన బొడవు. నీడ గొలిచిన బొట్టి. ఏ కొలత కావలెనో నిబంధనలోని యొక్క మాటయే చెప్పును.

ఆ యొక్క మాట యెంత పని చేయునో నేను గన్నులార జూచితిని. ఇంగ్లీషున నున్న నిబంధనకాగితమును మా యింటివారు తెనిగించి చెప్పుచుండగా విని, ఇది యేవిధి, ఇది యేనిషేధము అని నేను ప్రశ్నించుచుండుట మా యింట గొన్ని సాయంకాలములు జరుగుచుండెడిది. ఒక పాఠశాలలో జరిగిన చిన్న పోటీకి వారి విద్యార్థిని యొకతె విమానము చేసికొని వెళ్ళెను. రెక్క 30 సెంటీమీటర్లను మించరాదనియు, అది సమతలపు గొలత యనియు కాగితమున స్పష్టముగ గలదు. ఆ బాలిక రెక్కకొనలను రెండింటిని పైకి వంచెను. కఱ్ఱవెంట గొలిచిన 31, నీడ గొలిచిన 29. పరీక్షింప వచ్చిన పెద్దమనిషి టేపును రెక్క వంపువెంట బఱచి, సెంటీమీట రెక్కువయని విమానమును బ్రక్కన బెట్టించెను. ఆ పిల్లయొద్ద నిబంధనకాగితము లేదు. నోట నొక్క మాటయు రాలేదు. కాగితము సాయంకాలము మా యింట దొరకునప్పటికి బహుమానము లిచ్చుటయు, జనము లేచిపోవుటయు ముగిసినవి.

మఱునాడు మా యింటికి వచ్చి యామె, "అమ్మగారూ, రూల్సు నోరున్నవాళ్ళకేనండీ!" అనెను. మూడునెలల పని పోయినందుకన్న నా మాట నన్ను గలచివేసినది. ఆడుపిల్లకు నిబంధన తనకు రక్షయని తోచలేదు, తన్ను ద్రోయు చేయియని తోచినది. ఆమెతో నే నిట్లంటిని: "అమ్మా, నోరు పుట్టుకతో వచ్చునది గాదు, చదివిన వాక్యము చేతిలో నున్నప్పుడు వచ్చును. ఆ కాగితమును నీవు తెచ్చుకొని, ఆ పంక్తిపై వ్రేలుంచి, 'ఇక్కడ ఇలా ఉందండి' అనియున్నచో నెంతటివాడైనను జదువక తప్పదు." నాటినుండియు నీ విషయము నలుగురికిని జెప్పవలెనని నా మనస్సున నున్నది. నిబంధనను జదువ నేర్చుట యాటకన్న బెద్ద చదువు. ఇంటిపన్ను కాగితమును, బ్యాంకు కాగితమును, కుమార్తె యద్దెయింటి యొడంబడికయు ఇట్టి వాక్యములతోనే గదా నిండియున్నవి!

ఇక మీమాంసకులు చూపిన త్రోవ. వారు విధులను విభజించిరి. వేఱుగ తెలియరాని దానిని జేయుమనునది మొదటిది. ఒక పని పలువిధముల జేయ వీలున్నపు డీ విధముననే చేయుమనునది నియమవిధి. వడ్లపొట్టును గోళ్ళతో నొలువవచ్చును, రోట దంపనువచ్చును; దంపుమని చెప్పినచో దంపియే తీరవలెను. మూడవది పరిసంఖ్య. ఇన్ని మాత్రమే కూడునని లెక్కించి చెప్పినచో, తక్కినవి కూడవని చెప్పకయే చెప్పినట్లగును.

ఇపుడు విమానమునకు రండు. అమెరికాలో ఈజీబీ యని యొక సులభమైన తరగతి గలదు. రబ్బరును మోయు నడిమికఱ్ఱ యందు డొల్లగ నుండరాదు, ఘనముగ నుండవలెను. తేలికకొఱకు గొట్టముగ జుట్టవచ్చును. బలముకొఱకు ఘనముగ నుంచవచ్చును. ఘనముగనే యుంచుమని చెప్పుటచే నిది నియమవిధి. గొట్టము మఱింత బలమైనదని వాదించి ప్రయోజనము లేదు. అందే రెక్కలకు బయటినుండి తీగెలతో నాధారము కట్టరాదను మాట స్పష్టమైన నిషేధము. ఇక "శక్తి రబ్బరునుండియే రావలెను" అను మాట పరిసంఖ్య. స్ప్రింగు కూడదనియు, మోటారు కూడదనియు వేఱువేఱుగ వ్రాయనక్కఱలేదు.

చెప్పనిచోట నేమి యర్థము? తగవులలో సగ మిచటనే పుట్టును. "కూడదని యెక్కడ వ్రాసి యున్నది?" అని పిల్లవాడడుగును, "కూడునని యెక్కడ వ్రాసి యున్నది?" అని పెద్దవాడడుగును. ఇద్దఱి ప్రశ్నలకును సమాధానము నిబంధనల మొదట వెదుకవలెను. సైన్స్ ఒలింపియాడ్ వారు తమ సామాన్యనిబంధనలలో మొట్టమొదటనే దీనిని దేల్చిరి: స్పష్టముగ నిషేధింపనిది కూడును, కాని యది యపాయకరము గాకూడదు, ఆ పోటీయొక్క యాంతర్యమునకు విరుద్ధము గాకూడదు. మౌన మనుమతియే గాని యా యనుమతికి రెండు కావళ్ళు గలవు. వాక్యార్థమును నిశ్చయించుటకు ఉపక్రమమును, ఉపసంహారమును జూడుమని మన పెద్దలు చెప్పినదిదియే. నడుమనున్న యొక పంక్తిని బెఱికి చదువరాదు. మొదలును దుదియు జూచి, నడిమి మాట నా రెంటి వెలుగున జదువవలెను.

ఆంతర్యమనగా నేమి? దీనికి మన శాస్త్రములలో గాకిపెరుగు న్యాయ మొకటి గలదు. తల్లి పెరుగుకుండను వాకిట నుంచి, "కాకులు ముట్టకుండ జూడుమ"ని కొడుకుతో జెప్పి లోపలికి బోయెను. ఇంతలో కుక్క వచ్చి మూతిపెట్టెను. "నీవు కాకులనే చెప్పితివి గదా" యని కొడుకు చెప్పిన నే తల్లి యొప్పుకొనును? కాకి యను మాట పెరుగును జెఱచు జంతువుల కన్నింటికిని గుఱుతు. ఆజ్ఞయొక్క ప్రాణము పెరుగును గాపాడుట. అటులనే ఎఫ్ వన్ డీ తరగతిలో విమానము గోడకో మఱొక విమానమునకో తగులకుండ, దారమునకు గట్టిన గాలిబుడగతో దానిని మెల్లగ దారి మరల్చుట యనుమతింపబడినది. ఆ కదలిక ప్రధానముగ నడ్డముగ నుండవలెను. దారి మరల్చు నెపమున బుడగతో విమానమును మీది కెత్తినచో నది యనుమతిని దొంగిలించుట. విమానము తన రబ్బరుతో దానే నిలువవలెననుట యీ యాటలోని పెరుగు. మనిషి చేయి కుక్క.

మాట యర్థము తెగని చోటులును గలవు. సైన్స్ ఒలింపియాడ్ విమానముల నిబంధనలలో, ఎగురుచుండగా రేకుల వాలునుగాని పరిమాణమునుగాని మార్చు యంత్రసాధనము గల పంకా కూడదని కలదు. ఎఫ్ వన్ డీ తరగతిలోనో యట్టి పంకాలు వాడుకలో నున్నవి. ఇచట "యంత్రసాధన"మను మాటకు హద్దేది? పలుచని కఱ్ఱరేకు గాలి యొత్తిడికి దానంతట నదే కొంచెము వంగును. రబ్బరు మెలి బిగువుగ నున్నప్పు డెక్కువయు, సడలినపుడు తక్కువయు వంగును. వాలు మాఱినమాట నిజమే. కాని మార్చినది కఱ్ఱ స్వభావము. మడతబందు, తీగచుట్ట మొదలగు వేఱొక యవయవమును జేర్చినపుడే యంత్రసాధనమని నా తలంపు. ఒకడు రేకు మొదటిభాగమును గావలెననియే పలుచగ జెక్కి, బందువలె వంగునట్లు చేసినచో? అది స్వభావమునకును సాధనమునకును నడుమ నున్నది. ఇట్టిచోట తెలివి చూపి గెలువవలెనను నాస విడిచి, పోటీకి ముందే యడుగుట మేలు. ఆ సంస్థవారు తమకు వచ్చిన సందేహములకు సమాధానములను దామే ప్రకటింతురు, అవియే ప్రమాణము. స్నేహితుడు చెప్పినదియు, నిరుడు నడచినదియు బ్రమాణములు గావు.

మఱియొక చిత్రమును జెప్పెదను. అమెరికాలో పెన్నీ విమానమని యొక తరగతి గలదు. పెన్నీ యనగా వారి సెంటు నాణెము. విమాన మా నాణెమంత తూగవలెనని యా పేరు. నిబంధనలో 3.1 గ్రాములకు దగ్గరాదని యున్నది; ఆ పేరు పుట్టిననాటి రాగిసెంటు తూనిక యదియే. కాని 1982లో నా దేశమువారు నాణెపు లోహమును మార్చి, లోపల తుత్తునాగము నుంచి పైని రాగిపూత పూయ నారంభించిరి. ఆ క్రొత్త సెంటు 2.5 గ్రాములే తూగును. ఎవడైన పేరును నమ్మి, చేతికందిన క్రొత్త నాణెమును ద్రాసులో వైచి, దానికి సరిగ విమానమును జేసెనేని 0.6 గ్రాము తక్కువయై పోటీనుండి తొలగవలసి వచ్చును. శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య యని మీమాంసకులు ప్రమాణముల నాఱింటిని వరుసబెట్టి, ముందుది బలవంతము, వెనుకది దుర్బలమనిరి. శ్రుతి యనగా నేరుగ జెప్పిన మాట. సమాఖ్య యనగా బేరు. పేరు కడపటిది. అంకె నేరుగ జెప్పబడినపుడు పేరును బట్టి యర్థము చేయరాదు. అంత దూరపు టాటకు మన జైమిని సూత్రముల మార్గ మింత చక్కగ నతుకుట చూచి నాకు గలిగిన సంతోష మింతింత గాదు.

నిబంధనలు మాఱుచుండుననియు మఱవరాదు. ఎఫ్ వన్ డీ తరగతిలో పూర్వము రెక్క 650 మిల్లీమీటర్లు, కనీసపు దూనిక 1 గ్రాము. పిమ్మట రెక్క 550కి దగ్గినది, తూనిక 1.2 గ్రాములైనది, రబ్బరు 0.6 గ్రామునకు గట్టుపడినది. తరువాత దూనిక 1.4 గ్రాములకు బెరిగి, రబ్బరు 0.4 గ్రామునకు దిగినది. ఈ మార్పుల వరుసయే వాని యాంతర్యమును జెప్పుచున్నది: రెక్క తగ్గించి, బరువు పెంచి, రబ్బరు తగ్గించినచో విమాన మంత యెత్తునకును బోదు, అంతసేపును నిలువదు. విధియొక్క ఫలమును జూచి తాత్పర్యమును గ్రహింపుమనుట యిదియే. సైన్స్ ఒలింపియాడులో గొలతలు ఏటేట మాఱుటయు గలదు. అన్న వాడిన కాగితము తమ్మునికి బనికిరాదు. కాగితముపై సంవత్సరమును మొదట జూడవలెను.

కనుక తల్లులకు నా మనవి యిది. పోటీ నిబంధన యింటికి వచ్చిన నాడే పిల్లవానిని, పిల్లను గూర్చుండబెట్టి యొకసారి బిగ్గరగ జదివింపుడు. ఇంగ్లీషైనచో దెనిగించి చెప్పుమనుడు. తెనిగింప లేనిచో వారి కర్థము గాలేదనియే తెలిసికొనుడు. "మించరాదు" అను మాటల క్రింద నొక గీటు, "తగ్గరాదు" అను మాటల క్రింద రెండు గీట్లు గీయింపుడు. కొలత గలచోట నెట్లు కొలుతురు, తూనిక గలచోట దేనితో గలిపి తూతురు అని యడుగుడు. చెప్పని దానికేమి గతియో నిబంధనల మొదటిభాగమున వెదకింపుడు. తేలని సందేహములను వారిచేతనే వ్రాయించి, పని మొదలిడుటకు ముందే పోటీ జరుపువారికి బంపింపుడు. విమానమును నిబంధనయొక్క యంచుదాక జేయక, కొంచెము వెసులుబాటుంచుమని చెప్పుడు, 1.4 గ్రాములు కావలసినచోట నింటిత్రాసు 1.4 చూపగానే తృప్తిపడరాదు, వారి త్రాసు వేఱు. బయలుదేఱునాడు ఆ కాగితమును భద్రముగ సంచిలో బెట్టుడు. చెప్పవలసి వచ్చినపుడు కోపము లేక, కన్నీరు లేక, వ్రేలు పంక్తిపై నుంచి చెప్పుమని నేర్పుడు.

ఇంకొకటి. పిల్లలు వాక్యములోని సందును గనిపెట్టి సంతోషించునపుడు వెంటనే మందలింపవలదు. బుద్ధి పదునైనదని మెచ్చుకొనుడు. పిమ్మట, "నీవు పరీక్షకుడవై, మఱొకడీ సందున దూరివచ్చినచో నేమందువు?" అని యడుగుడు. ఆ ప్రశ్నకు దడబడక సమాధానము చెప్పగలిగినచో నది సందు గాదు, దారియే, ధైర్యముగ నడువనిండు. తడబడినచో నది దారి గాదని వారికే తెలియును. గ్రాము దూగు వస్తువుపై నీ విచక్షణము నలవఱచుకొన్న పిల్లలు పెరిగి పెద్దవారై, ఇతరుల బ్రతుకులు తూగు కాగితములను జదువునపుడును దానిని మఱువరు.